నేలపట్టు కట్ట మీదికి ఒక ఉదయం రండి: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను నెల్లూరులో తెలుగు టీచర్ని. ఇరవై ఏళ్లుగా ప్రతి చలికాలంలో ఏదో ఒక రోజు నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్తుంటాను. మొదట్లో మా వారితో, తర్వాత మా పిల్లలతో, ఈమధ్య బడి పిల్లలతో. మొన్న డిసెంబరులో మా నాన్నను తీసుకెళ్లాను. ఆయనకు డెబ్బై మూడేళ్లు. ఆ రోజు అక్కడ చూసింది చూసినట్టు మీకు రాయాలనిపించింది. రాసేదాకా మనసు ఊరుకోలేదు.

ఒక మాట ముందే చెప్పేస్తాను. నేలపట్టులోనో పులికాట్ సరస్సు ఒడ్డునో కోట్లు పెట్టి కొత్తగా ఏదో కట్టమని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అక్కడ ఇప్పటికే ఉన్న నిశ్శబ్దాన్ని కాపాడమని అడుగుతున్నాను. జనం రాకూడదని నా ఉద్దేశం కాదు. రావాలి, ఇప్పటికంటే ఎక్కువమంది రావాలి. కానీ ఏది చూడటానికి వస్తున్నారో అది మిగిలి ఉండాలి కదండీ.

చెన్నై, కోల్‌కతా జాతీయ రహదారి మీద నాయుడుపేట దాటి సూళ్లూరుపేట వైపు వెళ్తుంటే దొరవారిసత్రం మండలంలో పక్కకు తిరిగే చిన్న రోడ్డు ఒకటుంది. అదే నేలపట్టు దారి. నిన్నమొన్నటి దాకా నెల్లూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. 1976లో దీన్ని పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. మొత్తం విస్తీర్ణం 458.92 హెక్టార్లు. అందులో చెరువు ఉంది, చుట్టూ చిట్టడవి ఉంది. చెరువు నడుమ నీళ్లలోనే మొలిచి నీళ్లలోనే బతికే కడప చెట్లున్నాయి. ఆ చెట్ల మీదే గూడబాతులు, అంటే పెలికాన్లు, గూళ్లు కడతాయి. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వానలు పడి చెరువు నిండేసరికి వస్తాయి. పిల్లల్ని లేపుకుని మార్చి, ఏప్రిల్ నాటికి వెళ్లిపోతాయి. నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు, తెడ్డుమూతి కొంగలు, చింతవక్కలు వాటితోపాటే కాపురం ఉంటాయి.

మేం కట్ట ఎక్కేసరికి ఉదయం ఆరున్నర. మంచు ఇంకా విడలేదు. ముందు వాసన తగిలింది. తడి మట్టి, నాచు, పిట్టల రెట్ట కలిసిన ఘాటు వాసన. మా నాన్న గట్టిగా పీల్చి "ఆ, ఇదే" అన్నారు. చిన్నప్పుడు మా ముత్తాత బండిలో ఈ దారిన పోతూ ఎద్దుల్ని ఇక్కడే నీళ్లకు విప్పేవారట. అప్పట్లో బోర్డు లేదు, గేటు లేదు, టికెట్ లేదు. పిట్టలు మాత్రం ఉన్నాయి.

తర్వాత చప్పుడు వినపడింది. పెద్ద గూడబాతులు దాదాపు మూగవి. గోల చేసేవి పిల్లలే. ఆకలైనప్పుడు వాటి అరుపు వింటే ఎక్కడో పసిపిల్లల బడి వదిలినట్టు ఉంటుంది. నత్తగుల్ల కొంగలు ముక్కులు టకటకలాడిస్తాయి. ఒక కొమ్మ మీద తల్లో తండ్రో వచ్చి వాలింది, కొమ్మ బరువుకు కిందికి వంగింది. గూట్లో పిల్ల లేచి ఆ పెద్ద పక్షి ముక్కు కింద వేలాడే సంచిలోకి తల మొత్తం దూర్చేసింది. మెడ దాకా లోపలే. సంచి అటూ ఇటూ సాగుతోంది, లోపల తల కదులుతున్నది బయటికి తెలుస్తోంది. ఒక నిమిషం పాటు అలా తిని, తల బయటికి తీసి మళ్లీ అరిచింది. ఇంకా కావాలట. మా నాన్న నవ్వి, నవ్విన చప్పుడుకు ఆయనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

నేను నిశ్శబ్దం అంటున్నది దీన్నే మంత్రి గారూ. మన చప్పుడు లేకపోవడం. మన చప్పుడు లేనప్పుడే వాటి చప్పుడు వినపడుతుంది.

కట్ట మీద ఒక రైతు ఎదురొచ్చాడు. భుజం మీద తువ్వాలు, ముందు రెండు గేదెలు. మా నాన్నను చూసి ఆగి "ఏం సామీ, పిట్టల్ని చూసేదానికి వచ్చినారా" అన్నాడు. "ఈ ఏడు బాగానే వచ్చుండాయి. చెరువు నిండింది గదా." వాళ్లిద్దరూ అయిదు నిమిషాల్లో బంధువులైపోయారు. అతను చెప్పిన విషయం ఆ చుట్టుపక్కల ఎవర్నడిగినా చెబుతారు. పిట్టల రెట్ట పడిన నీళ్లు మడికి ఎరువు. ఆ నీళ్లు పారిన చేలో పైరు బాగుంటుంది. పిట్టలు రాని ఏడు వానా సరిగ్గా ఉండదు, పంటా ఉండదు. అందుకని వాటి జోలికి ఎవరూ పోరు, గూటి మీదికి పిల్లలెవరైనా రాయి విసిరితే పెద్దవాళ్లు కేకలేస్తారు. రక్షిత కేంద్రం అన్న పేరు 1976లో వచ్చింది. రక్షణ అంతకు ముందునుంచే ఉంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూళ్లు కట్టుకునే పక్షుల్ని ఊరివాళ్లు చూసుకుంటున్నదీ, గుంటూరు దగ్గర ఉప్పలపాడులో ఊరి చెరువును పక్షులకు వదిలిపెట్టిందీ ఇలాంటి మనసుతోనే. మన రాష్ట్రంలో పక్షుల వారసత్వం అంటే నా దృష్టిలో ముందు ఈ ఊళ్లే.

ఎనిమిదిన్నర అయ్యుంటుంది. ఒక కారు వచ్చి ఆగింది. నలుగురు కుర్రాళ్లు దిగారు. చేతిలో బ్లూటూత్ స్పీకర్, పాట పెద్దగా పెట్టే ఉంది. పాట సంగతి పక్కన పెట్టండి. కాసేపటికి వాళ్లలో ఒకడు బ్యాగు తెరిచి డ్రోన్ బయటికి తీశాడు. మేం వెళ్లి వద్దని చెప్పేలోపే అది పైకి లేచింది. తేనెటీగల తుట్టె కదిపినట్టు రొద. చెట్ల మీదికి వెళ్లేసరికి కొమ్మ కొమ్మా ఖాళీ అయిపోయింది. వందల రెక్కలు ఒక్కసారి కొట్టుకుంటే గాలి చెవులకు తగులుతుంది. చూడటానికి అద్భుతంగా ఉందని ఆ కుర్రాళ్లు కేరింతలు కొట్టారు. నిజమే, తెలియనివాళ్లకు అది అద్భుతంగానే ఉంటుంది.

నేను మాత్రం ఒక గూటి వంకే చూస్తూ ఉండిపోయాను. ఇందాక తల్లి సంచిలో తల దూర్చిన పిల్ల అది. ఒక్కటే నిలబడి ఉంది. ఒంటి మీద తెల్లటి నూగు తప్ప ఇంకా ఈకలు సరిగ్గా రాలేదు. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. నోరు తెరిచి, గొంతు కింద సంచిని గబగబా అదురుతున్నట్టు ఆడించడం మొదలుపెట్టింది. ఒంట్లో వేడి తగ్గించుకోవడానికి అవి అలా చేస్తాయి. తల్లి ఉంటే రెక్క నీడ పట్టేది. పక్క చెట్టు మీదికి రెండు కాకులు వచ్చి కూర్చున్నాయి. కింద కొమ్మ మీద నీటికాకి గూట్లో గుడ్లున్నాయి, దాని మీద ఎవరూ లేరు. కాకి ఒక గెంతు గెంతింది, ఇంకో గెంతు గెంతింది. ఆ తర్వాత ఏం జరిగిందో నేను రాయక్కర్లేదు. ఆ టెన్షన్ మాకు పావుగంట. ఆ పక్షులకు ఆ ఏడాది సంసారమే పోయింది.

అడవిశాఖ మనిషి వచ్చి డ్రోన్ దించమంటే కుర్రాళ్లు వెంటనే దించేశారు. ఒకతను నా దగ్గరికి వచ్చి "మేడం, మాకు తెలీదు, అవి మళ్లీ వచ్చేస్తాయనుకున్నాం" అన్నాడు. అతని ముఖం చూస్తే తిట్టబుద్ధి కాలేదు. బైనాక్యులర్ ఇచ్చి ఆ పిల్ల ఉన్న గూడు చూపించాను. చాలాసేపు చూశాడు. వెళ్లేటప్పుడు కారులో పాట పెట్టలేదు.

నాకు ఆ రోజు అర్థమైంది ఇదే. అలాంటి కుర్రాళ్లను ఆపడానికి అనుమతి లేకుండా రక్షిత కేంద్రం మీద డ్రోన్ ఎగరేయకూడదన్న నిబంధన ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. అవి తప్పు జరిగాక పనికొస్తాయి. జరగక ముందు పనికొచ్చేది పక్కన నిలబడి చూపించే మనిషి. గూడబాతు గుడ్డు పొదగడానికి నెల రోజులు పడుతుందనీ, పిల్ల ఎగరడానికి ఇంకా నెలలు పడుతుందనీ, ఆ రోజుల్లో ఒక్క పావుగంట చాలు ఒక గూడు పాడవడానికనీ చెప్పే మనిషి. గూడబాతును ప్రపంచంలో ముప్పు అంచున ఉన్న పక్షుల జాబితాలో పెట్టారనీ, అలాంటి పక్షి ఏటా పిలవకుండానే మన చెరువుకు వస్తోందనీ చెబితే వినని కుర్రాడు ఉండడు. నా బడిలో అల్లరికి పేరుపడ్డ తొమ్మిదో తరగతి మగపిల్లలు కూడా ఈ కట్ట మీద గుసగుసగా మాట్లాడటం నేను చూశాను.

ఆ మనిషిని ఎక్కడినుంచి తేవాలి? ఎక్కడినుంచో తేనక్కర్లేదు. నాకు ఎదురైన ఆ గేదెల రైతే ఉన్నాడు. వాళ్ల పిల్లలున్నారు. పులికాట్‌లో పడవలు నడిపే జాలర్లున్నారు. శ్రీహరికోట దీవిని పుట్టిల్లుగా చెప్పుకునే యానాదులున్నారు. ఏ చెట్టు బెరడు దేనికి మందో, ఏ పిట్ట అరిస్తే ఏ గాలి వస్తుందో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? ఒడిశాలో చిలికా సరస్సు ఒడ్డున మంగళజోడి అనే ఊరుంది. అక్కడ ఒకప్పుడు పక్షుల్ని వేటాడి అమ్ముకునేవాళ్లు. ఆ వేటగాళ్లే తర్వాత కాపలాదారులయ్యారు. ఇప్పుడు గడకర్రతో నడిపే చిన్న పడవల్లో యాత్రికుల్ని తీసుకెళ్లి పక్షుల్ని చూపిస్తూ బతుకుతున్నారు. మోటారు లేదు, రొద లేదు. వచ్చినవాళ్ల డబ్బు ఊళ్లోనే మిగులుతోంది. మన దగ్గర వేట మాన్పించాల్సిన పని కూడా లేదు, ఊళ్లు మొదటినుంచీ పక్షుల వైపే ఉన్నాయి. వాళ్లకు సీజన్‌కు జీతం, మెడలో ఒక గుర్తింపు కార్డు, చేతిలో మంచి బైనాక్యులర్, రెండు వారాల శిక్షణ ఇప్పించండి. పేరుకు పది మందిని పెట్టి మర్నాడు మరిచిపోకుండా, ఏటా అదే మనుషులు ఉండేలా చూడండి. అలా అయితేనే అది పని అవుతుంది.

ఇక పులికాట్ సంగతి. నేలపట్టు గూడబాతులు మేతకు అక్కడికే పోతాయి. అందుకే ఈ రెండింటినీ విడదీసి చూడకూడదు. ఒకటి ఇల్లయితే ఒకటి వంటిల్లు. మన దేశంలో చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఆరణి, కాళంగి నదుల నీళ్లు ఒకవైపు నుంచి, సముద్రపు పోటు ఇంకోవైపు నుంచి వచ్చి కలుస్తాయి. మన వైపు దాన్ని ప్రళయ కావేరి అని పిలుచుకున్నారు. ఎంత పేరు! బోర్డుల మీద ఎక్కడ చూసినా పులికాట్ అనే ఉంటుంది. ఆ పాత పేరు ఒక్క చోటైనా రాయించండి. అటకానితిప్ప, రాయదొరువు, ఇరకం, వేనాడు... ఈ ఊళ్ల పేర్లు వింటుంటే సరస్సు రూపం కళ్లకు కడుతుంది. తిప్ప అంటే నీళ్ల నడుమ పైకి లేచిన మిట్ట. దొరువు అంటే ఇసుకలో ఊరే నీటిగుంట. మా పిల్లలకు ఈ రెండు మాటలూ తెలియవు. తిప్ప మీద నిలబెట్టి చెబితే మర్చిపోరు.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచి పోతుంది. రెండు వైపులా నీళ్లు, నీళ్లలో గులాబీ రంగు గీత. ఆ గీత ఫ్లెమింగోల గుంపు. దగ్గరగా చూస్తే వాటి పని భలేగా ఉంటుంది. కాళ్లతో బురదను తొక్కి కదుపుతాయి. తల కిందులుగా వంచి, ముక్కును తిరగేసి నీళ్లలో పెట్టి, నీళ్లూ బురదా పీల్చి బయటికి వదిలేస్తాయి. జల్లెడ పట్టినట్టు చిన్న చిన్న పురుగులు, నాచు లోపల మిగులుతాయి. వాటికి ఆ గులాబీ రంగు వచ్చేది ఆ తిండి నుంచే. ఈ పని అవి గంటలకొద్దీ చేస్తేనే కడుపు నిండుతుంది. మనవాళ్లు కారు ఆపి, చెప్పులు చేత్తో పట్టుకుని, సెల్ఫీ కోసం బురదలో దిగి వాటి వైపు నడుస్తారు. అవి తల పైకెత్తుతాయి, నాలుగడుగులు జరుగుతాయి, ఇంకా దగ్గరికొస్తే లేచిపోతాయి. అరగంటలో ఇంకో కారు ఆగుతుంది. అలా సాయంత్రం దాకా లేచి వాలుతూ ఉంటే అవి తినేది ఎప్పుడు?

దీనికి పరిష్కారం ఖరీదైనది కాదు. రోడ్డు పక్కన మూడు నాలుగు చోట్ల బండి ఆపుకోవడానికి జాగా చూపించండి. మనిషి ఎత్తున తడికలు కట్టించి, వాటిలో పెద్దలకూ పిల్లలకూ అందేలా చూపుకంతలు పెట్టించండి. లోపల ఒక టెలిస్కోప్, పక్కన ఒక మనిషి. మిగతా చోట్ల ఆగడం, నీళ్లలో దిగడం వద్దని చెప్పండి. తడిక వెనక నిలబడ్డ మనిషిని పక్షి పట్టించుకోదు. బురదలో దిగి తీసుకున్న సెల్ఫీలో కనపడని ముక్కు వంపు టెలిస్కోప్‌లో కనపడుతుంది.

శ్రీహరికోట నుంచి రాకెట్లు ఎగురుతాయి కదా, ఆ శబ్దం కంటే మా స్పీకర్ ఎక్కువా అని నన్ను ఒకరు అడిగారు. రాకెట్ ఏడాదిలో కొన్నిసార్లు, కొద్ది నిమిషాలు. అది గూటి పక్కకు వచ్చి గంటసేపు నిలబడదు.

ఫ్లెమింగో పండుగ గురించి కూడా చెప్పాలి. 2001లో మొదలైనప్పటి నుంచి మా జిల్లా పిల్లలకు అది పెద్ద సంబరం. కొన్నేళ్లు ఆగి 2025 జనవరిలో మళ్లీ జరిగితే మా బడి పిల్లలు ఎగిరి గంతేశారు. పండుగ ఉండాలి. పక్షుల పేరు మీద పండుగ చేసుకునే ఊళ్లు ఎన్ని ఉంటాయి? కానీ అది జనవరిలో వస్తుంది. జనవరి అంటే గూళ్ల నిండా పిల్లలున్న నెల. అందుకని పాటలు, డాన్సులు, టపాసులు, సినిమావాళ్ల రాక, ఇవన్నీ సూళ్లూరుపేట ఊళ్లోనే ఉంచేలా ఒక కట్టుబాటు పెట్టండి. నేలపట్టు కట్ట మీద మైకు వద్దు. ఆ పండుగ రోజుల్లో వచ్చే జనాన్ని విడతలు విడతలుగా, ముందే టైము ఇచ్చి పంపండి. తిరుమలలో అంతమందిని క్యూలో నడిపే రాష్ట్రానికి ఇది కష్టం కాదు. పండుగకు పెట్టే ఖర్చులో కొంత మిగతా ఏడాదికి దాచండి. పండుగ షామియానా డబ్బుతో ఇద్దరు గైడ్లు సీజనంతా బతుకుతారు.

సూళ్లూరుపేటలో చెంగాళమ్మ గుడి మీరు చూసే ఉంటారు. కాళంగి ఒడ్డున ఉన్న ఆ గుడికి తలుపులు మూయరు. రాకెట్ ప్రయోగానికి ముందు ఇస్రో శాస్త్రవేత్తలు వచ్చి దండం పెట్టుకుంటారు. అమ్మవారిని చూసి అటే వెనక్కి మళ్లే భక్తులకు ఇంకాస్త దూరంలో ఇంత సరస్సు ఉందని చెప్పేవాళ్లు లేరు. ఇంకాస్త ఉత్తరంగా పోతే దుగరాజపట్నం. 1626లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవాళ్లు అక్కడ గిడ్డంగి పెట్టుకుని ఆర్మగాన్ అని పిలిచారు. వాళ్లకు సాయం చేసిన ఆరుముగ ముదలియారు పేరే అలా మారిందంటారు. అక్కడినుంచే 1639లో ఫ్రాన్సిస్ డే వెళ్లి చెన్నపట్నం స్థలం సంపాదించాడు. అంటే మద్రాసు నగరం కథ మన సరస్సు గాలి తగిలే చోట మొదలైంది. తమిళనాడు వైపు ఒడ్డున డచ్చివాళ్ల కోట శిథిలాలు, వాళ్ల సమాధులు ఉన్నాయి. ఆ సమాధుల మీద చెక్కిన రాళ్లు చూడటానికి ఎక్కడెక్కడినుంచో వస్తారు. మన వైపు కథ చెప్పే ఒక్క మంచి బోర్డుంటే ఎంత బాగుంటుంది! సరస్సు గుండా పోయే బకింగ్‌హాం కాలువదీ అలాంటి కథే. 1877, 78 కరువులో కూలికి వచ్చిన పేదలు తవ్విన భాగం అందులో ఉంది. ఆ కాలువలో ఉప్పు, కట్టెలు, ధాన్యం పడవల మీద మద్రాసుకు పోయేవి. మా నాన్న చిన్నప్పుడు తెరచాప పడవల్ని చూశారు. ఆ తరం వాళ్లు ఇంకా కొందరున్నారు, వాళ్లు ఉండగానే కూర్చోబెట్టి అడిగి రాయించండి. పెద్ద మ్యూజియం అక్కర్లేదు. అటకానితిప్పలో ఒక గది చాలు. ఒక పాత పడవ, వలలు, యానాదుల బుట్టలు, గోడ మీద వాళ్ల మాటలు. పక్షుల పేర్లు తెలుగులో రాయించండి. గూడబాతు అని రాసి ఉంటే మా పిల్లలు ఇంటికెళ్లి అమ్మమ్మకు చెబుతారు. పెలికాన్ అని మాత్రమే రాస్తే పరీక్షలో రాస్తారు.

నీళ్ల విషయం మీ శాఖది కాదని తెలుసు. అయినా రాయకుండా ఉండలేను. చెరువుకు వచ్చే వాగులు, కాలువలు పూడిపోతే కడప చెట్ల కింద నీళ్లుండవు. నీళ్లే ఆ గూళ్లకు ప్రహరీ గోడ. చెరువులో నీళ్లు లేని ఏడు నేలపట్టులో గూడబాతులు గూళ్లు కట్టడం కష్టం. పులికాట్‌కు సముద్రం నీళ్లు వచ్చే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతున్నాయని జాలర్లు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. అవి మూసుకుంటే చేపా ఉండదు, ఫ్లెమింగో ఉండదు. అటవీ, జలవనరులు, మత్స్య శాఖలతో ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, అందరూ కట్ట మీద నిలబడి మాట్లాడుకునే ఏర్పాటు మీరు చేయించగలరు. సమావేశం సచివాలయంలో పెట్టకండి, ఇక్కడే పెట్టండి.

ఇంకా నాలుగు చిన్న విషయాలు ఉన్నాయి, చిన్నవే కానీ నాలాంటి వాళ్లకు పెద్దవి. నలభై మంది ఆడపిల్లల్ని బస్సులో తీసుకొచ్చే టీచర్‌కు మొదటి ఆలోచన టాయిలెట్ గురించే. పక్షుల గురించి కాదు. రహదారి నుంచి కట్ట దాకా ఎక్కడ ఆపినా నీళ్లున్న, తలుపు గడియపడే, రోజూ కడిగే టాయిలెట్లు ఉండాలి. మా నాన్నలాంటి వాళ్లు కూర్చోవడానికి నీడలో బల్లలు కావాలి. తాగే నీళ్లు కావాలి, ప్లాస్టిక్ సీసాలు అమ్మకుండా. సీజన్‌లో తెల్లవారుజామున సూళ్లూరుపేట స్టేషన్ నుంచి ఒక బస్సు కావాలి. పక్షులు చూడాలంటే ఆరింటికే ఉండాలి, సొంత కారు లేనివాళ్లు ఆరింటికి రాలేరు. పక్షుల్ని చూసే హక్కు కారున్నవాళ్లకే ఉంటే అదేం పర్యాటకం!

మీరు ప్రతి ఏటా ఎంతమంది పర్యాటకులు వచ్చారో లెక్క చెబుతారు. నేలపట్టుకు ఆ లెక్కతోపాటు ఇంకో లెక్క కూడా చెప్పించండి. ఈ ఏడు ఎన్ని గూళ్లు కట్టాయి, ఎన్ని పిల్లలు ఎగిరిపోయాయి అని. జనం పెరిగి గూళ్లు తగ్గితే మరుసటి ఏడు ఒక అడుగు వెనక్కి వేయమని మీ అధికారులకు చెప్పండి. ఈ రెండు అంకెలూ పక్కపక్కన బోర్డు మీద రాసి కట్ట దగ్గర పెట్టించండి. వచ్చినవాళ్లు చదువుకుంటారు.

డిసెంబరు ఆఖర్లో ఏదైనా పనిదినం చూసుకుని ఒకసారి రండి మంత్రి గారూ. కాన్వాయ్ రహదారి దగ్గరే ఆపేయండి. సైరన్ వద్దు, పూలదండలు వద్దు, వెంట ఇద్దరు ముగ్గురు చాలు. ఉదయం ఆరింటికల్లా కట్ట ఎక్కుదాం. నా దగ్గర రెండు బైనాక్యులర్లు ఉన్నాయి, ఒకటి మీకు ఇస్తాను. మా నాన్న కూడా వస్తానన్నారు. ఆ డ్రోన్ వచ్చిన రోజు ఒంటరిగా నిలబడ్డ పిల్ల ఉన్న కొమ్మ ఎక్కడుందో నాకు గుర్తుంది. ముందు అక్కడికే తీసుకెళ్తాను.

గౌరవంతో,
నెల్లూరు నుంచి ఒక తెలుగు టీచర్